పొద్దున పదకొండున్నరకి గుడ్ నైట్

(లెస్టర్‌లో ఉంటున్న తెలుగువాళ్ళ నెలవారీ సమావేశంలో ఒక సభ్యురాలు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది. సభలో అడిగిన ప్రశ్నలు చివర ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

ఇందాక నన్ను పరిచయం చేస్తూ అక్కయ్యగారు "ధైర్యవంతురాలు" అన్నారు. ఆ మాటకి వెనక వరసలో మా ఆయన నవ్వుతున్నారు, చూశారా? ఆయనకి తెలుసు. లిఫ్టు రెండు నిమిషాలు ఆగిపోతే ఏడ్చే మనిషిని నేను. ఇక్కడ నిలబడి మాట్లాడాలని తలుచుకుంటేనే పొద్దుట్నుంచి రెండుసార్లు కడుపులో తిప్పింది. కాబట్టి సాహసగాథ వినాలని వచ్చినవాళ్ళు ఏమీ అనుకోకండి. గుర్రం సకిలిస్తే ఉలిక్కిపడే మనిషి, గుర్రమెక్కి వేటకుక్కల వెనకాల ఇంగ్లండు పొలాల్లో పడి ఎలా తిరగడం మొదలుపెట్టిందో చెబుతాను. అంతే.

మాది తెనాలి. నా చిన్నప్పుడు స్టేషన్ బయట ఇంకా జట్కాలు ఉండేవి. నాయనమ్మతో ఎక్కితే జట్కా అబ్బాయి మొదట అనే మాట, "ముందుకి జరగండమ్మా, బండి వెనక్కి తూగుతోంది" అని. అందరూ వెనక కూర్చుంటే బండి ముందు భాగం పైకి లేచి, గుర్రం పొట్ట కింద పట్టీ బిగుసుకుంటుంది. నేను జరిగేదాన్ని కాదు. జరిగితే గుర్రం తోక మొహానికి తగిలేది. ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా గుర్రంతో నా పరిచయం ఆ తోక వరకే.

తర్వాత మా అమ్మాయి గుర్రపు స్వారీ నేర్చుకుంటానంది. ఈ లెస్టర్‌షైర్‌లో అది వింతేమీ కాదు. పది క్లాసులకి ముందే డబ్బు కట్టించుకున్నారు. పిల్ల మూడు క్లాసులకి వెళ్ళి, డ్రమ్స్ నేర్చుకుంటానంది. మిగిలిన ఏడు క్లాసుల డబ్బు పోతుందే అని నేను వెళ్ళాను. (నవ్వులు) నవ్వకండి, ఇక్కడున్న వాళ్ళందరూ అదే పని చేస్తారు.

రెండేళ్ళు బాగానే గడిచింది. ఒకరోజు స్వారీ నేర్పే షెడ్డులో గుర్రం మీద తిరుగుతుంటే పైనుంచి ఒక పావురం రెక్కలు కొట్టుకుంటూ ఎగిరింది. గుర్రం పక్కకి గెంతింది, నేను గెంతలేదు. ఎడమ మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. పడ్డప్పుడు అసలు భయమే వేయలేదు, అంత టైము లేదు. కట్టు తీశాక మళ్ళీ ఎక్కాల్సిన రోజు వేసింది. రికాబులో కాలు పెట్టాను, నోరు ఎండిపోయింది, కాలు తీసేశాను. మూడు వారాలు ఇదే తంతు. గుర్రం దాకా వెళ్ళి, దాని మెడ నిమిరి, టీ తాగి ఇంటికొచ్చేదాన్ని.

మేం వెళ్ళే లాయంలో అరవై దాటిన ఒకావిడ ఉంది. పాతకాలపు మనిషి, మాట కటువు. ఒకరోజు టీ తాగుతుంటే వచ్చి, "నువ్వు హంటింగ్‌కి రా" అంది. ఈతకి భయపడే వాళ్ళని సముద్రానికి రమ్మన్నట్టు ఉంది నాకు. పైగా నక్కల్ని చంపే ఆటకి నేను రానని చెప్పాను. "నక్క ఎవరు చంపుతున్నారిక్కడ? మేం వేటాడేది మనిషిని" అంది.

ఇక్కడ కాస్త ఆగాలి. మీలో చాలామంది మనసులో ఉన్న ప్రశ్న ఇదే కదా, నక్కల సంగతేమిటని. మనకి వేట అంటే తుపాకీ, పులి, జమీందారు గుర్తొస్తారు. వీళ్ళకి హంటింగ్ అంటే తుపాకీ ఉండదు. కుక్కలు వాసన పట్టి పరిగెత్తుతాయి, మనుషులు గుర్రాల మీద వాటి వెంట వెళ్తారు. మనం ఉంటున్న ఈ జిల్లానే దీనికి పుట్టిల్లు లాంటిది. క్వార్న్, కాట్స్‌మోర్, బీవర్ అనే హంట్లు, అంటే వేట బృందాలు, అన్నీ ఈ చుట్టుపక్కలవే. బీవర్ అనేది రాయడానికి బెల్వాయిర్ అని రాస్తారు. ఎందుకని నన్నడక్కండి. 18వ శతాబ్దం రెండో సగంలో క్వార్న్ దగ్గర హ్యూగో మెనెల్ అనే ఆయన వేగంగా పరిగెత్తే కుక్కల్ని తయారు చేశాడు. అదే కాలంలో కంచెల్లేని ఉమ్మడి పొలాలకి, బీళ్ళకి కంచెలు వేసి విడివిడి పొలాలుగా చేశారు. కుక్కలేమో వేగం, దారికడ్డంగా ముళ్ళకంచెలు. దాంతో కంచెల మీంచి గుర్రాన్ని దూకించడం ఈ ఆటలో భాగమైపోయింది. ఎమ్1 మోటర్‌వే మీద వెళ్తూ కిటికీలోంచి అందంగా ఉన్నాయే అనుకుంటాం చూడండి, ఆ కంచెలే.

2004లో హంటింగ్ యాక్ట్ వచ్చింది. 2005 ఫిబ్రవరి 18 నుంచి ఇంగ్లండులోనూ వేల్స్‌లోనూ కుక్కల్ని ఉసిగొల్పి నక్కని తరిమి చంపడం నేరం. స్కాట్లండు అంతకు ముందే 2002లో చట్టం చేసింది, 2023లో దాన్ని ఇంకా బిగించింది. చట్టం వచ్చాక చాలా పాత హంట్లు ట్రైల్ హంటింగ్‌కి మారాయి. అంటే నక్క వాసన ఉన్న గుడ్డ ముందుగా నేల మీద ఈడ్చుకుంటూ వెళ్తారు, కుక్కలు ఆ జాడ పట్టుకుంటాయి. గొడవంతా ఇక్కడే. ఆ ముసుగులో నిజం నక్కల్నే వేటాడుతున్నారని ఎదుటివాళ్ళ ఆరోపణ, పొరపాటున నక్క అడ్డొస్తే మేమేం చేస్తాం అని వీళ్ళ జవాబు. 2024 ఎన్నికల్లో లేబర్ పార్టీ ట్రైల్ హంటింగ్‌ని కూడా నిషేధిస్తామని మాటిచ్చింది. నా సంగతి అడిగితే, నేను ట్రైల్ హంట్‌కి వెళ్ళలేదు, వెళ్ళను. సందేహం ఉన్న చోట గుర్రమెక్కడం నాకు కుదరదు. నాకున్న భయాలు చాలు.

మా పెద్దావిడ చెప్పింది వేరే రకం. దాన్ని క్లీన్ బూట్ అంటారు. క్లీన్ బూట్ అంటే చెప్పులకి ఏమీ పూయరు. వాసన కోసం పూసే సోంపు నూనె లేదు, నక్క వాసన లేదు. ఒక మనిషి పొలాల్లో పరిగెత్తుతాడు. అతని ఒంటి నుంచి రాలే కంటికి కనపడని చర్మపు పొట్టు, చెమట వాసన, అదే జాడ. అతను బయల్దేరిన పావుగంటకో ఇరవై నిమిషాలకో బ్లడ్‌హౌండ్లని వదులుతారు. బ్లడ్‌హౌండ్ని చూశారా మీరు? నుదురంతా ముడతలు, నేల దాకా వేలాడే చెవులు, ఎవరో పోయినట్టు ఎప్పుడూ దిగులు మొహం. పేరులో రక్తం ఉందిగానీ స్వభావం మెత్తన. ఇక గొంతు సంగతంటారా, పది జతలు ఒక్కసారి గొంతెత్తితే గుడి గంటలన్నీ కలిపి కొట్టినట్టు ఉంటుంది. అన్నట్టు, కుక్కల్ని జతల్లోనే లెక్కపెట్టాలి. ఇరవై ఒకటుంటే పదిన్నర జతలు. వాటిని "డాగ్స్" అన్నారో, మీరు కొత్తవాళ్ళని అందరికీ తెలిసిపోతుంది. హౌండ్స్ అనాలి.

భయస్తులకి ఇదే సరైన హంటింగ్ ఎందుకో నాకు తర్వాత అర్థమైంది. నక్క ఎటు పోతుందో నక్కకే తెలియదు. రైలు పట్టాలు దాటొచ్చు, రోడ్డెక్కొచ్చు. మనిషైతే ముందే రైతులతో మాట్లాడి గీసుకున్న దారిలో పరిగెత్తుతాడు. ఏ కంచె దూకాలి, దూకలేని వాళ్ళకి గేటు ఎక్కడుంది, ఏ పొలంలో గొర్రెలున్నాయి, అన్నీ ముందు నడిపించే ఫీల్డ్ మాస్టర్‌కి తెలుసు. ఒక్కో పరుగు రెండు మూడు మైళ్ళు. మధ్యలో ఆగి గుర్రాలూ మనుషులూ ఊపిరి తీసుకుంటారు. రోజుకి అలాంటివి మూడో నాలుగో. సీరియల్లో బ్రేకులున్నట్టు. ఏ బ్రేకులోనైనా లేచి వెళ్ళిపోవచ్చు.

అయినా నేను వెంటనే ఒప్పుకోలేదు. "నీ భయం గుర్రానికి అంటుకుంటుంది, దాని భయం నీకు అంటుకుంటుంది, షెడ్డులో మీరిద్దరే ఉన్నంతకాలం ఇది తెగదు" అంది ఆవిడ. అప్పుడు అది సామెతలా అనిపించింది. తర్వాత తెలిసింది, నిజంగా కొలిచి చూసిన సంగతేనని. 2009లో స్వీడన్ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. మనుషుల చేత గుర్రాల్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి నాలుగు సార్లు నడిపించారు. నాలుగోసారి ముందు, "ఈసారి గుర్రం పక్కన గొడుగు తెరుస్తాం" అని ఆ మనుషులకి చెప్పారు. గొడుగు తెరవనే లేదు. అయినా మనిషి గుండె వేగం పెరిగింది. దానితో పాటు గుర్రం గుండె వేగం కూడా పెరిగింది. గొడుగు సంగతి గుర్రానికి ఎవరూ చెప్పలేదు కదా! పగ్గం పట్టుకున్న చెయ్యే చెప్పేసింది.

చెయ్యి ఎలా చెబుతుందంటే, భయం వేసినప్పుడు మనం ముడుచుకుంటాం. మోకాళ్ళు బిగుసుకుంటాయి, ఒళ్ళు ముందుకి వంగుతుంది, పగ్గాలు గట్టిగా లాగి పట్టుకుంటాం. గుర్రానికి పొట్ట మీద కాలు బిగిస్తే "పద" అని అర్థం, నోట్లో కళ్ళెం లాగితే "ఆగు" అని అర్థం. రెండూ ఒకేసారి చెబుతున్నాం. దానికి పిచ్చెక్కదా? అదే ఇరవై గుర్రాల మధ్య ఉందనుకోండి, మనల్ని అడగడం మానేసి తోటి గుర్రాల్ని చూసుకుంటుంది. అవి ప్రశాంతంగా ఉంటే ఇదీ ఉంటుంది. పెద్దావిడ లెక్క అది. లెక్క సగమే నిజమని తర్వాత తెలిసిందనుకోండి. గుంపు పరిగెత్తితే ఇదీ పరిగెత్తుతుంది కదా.

మొదటి రెండు ఆదివారాలు నేను గుర్రమే ఎక్కలేదు. బూట్లేసుకుని నడుచుకుంటూ వెళ్ళి చూశాను. కొత్తగా మొదలుపెట్టే వాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే, ముందు కాలినడకన వెళ్ళండి. కొమ్ము ఊదితే ఏమవుతుందో, ఎవరు ఎక్కడ నిలబడతారో నేల మీద నిలబడి చూస్తే భయంలో సగం తగ్గుతుంది. తోకకి ఎర్ర రిబ్బన్ కట్టి ఉంటే అది తన్నే గుర్రం, దగ్గరికి పోవద్దు. ఆకుపచ్చ రిబ్బన్ ఉంటే కొత్త గుర్రం. హౌండ్లు పక్కనుంచి వెళ్తుంటే గుర్రం మొహం వాటివైపు తిప్పాలి, వెనక కాళ్ళు కాదు. మనం పడినా క్షమిస్తారు గానీ మన గుర్రం హౌండ్ని తంతే క్షమించరు. ఇలాంటివి చదివితే గుర్తుండవు, చూస్తే ఉంటాయి.

నాకు దొరికిన గుర్రం మర్ఫీ. అద్దె గుర్రం. ఐరిష్ కాబ్, పదిహేడేళ్ళవాడు, 15.2 చేతులు. గుర్రం ఎత్తుని ఇక్కడ చేతుల్లో కొలుస్తారు, ఒక చెయ్యి అంటే నాలుగు అంగుళాలు, మన బెత్తెడు లాంటిదే. 15.2 అంటే పదిహేను చేతుల మీద రెండు అంగుళాలు. అందగాడేం కాదు. కాళ్ళకి గుత్తులు గుత్తులుగా వెంట్రుకలు, సోఫా లాంటి వీపు. భయస్తులు గుర్రాన్ని ఎంచుకునేటప్పుడు పెళ్ళిచూపుల్లో అందం చూసినట్టు చూడకండి. వయసు చూడండి, ఇంతకు ముందు ఎన్నిసార్లు హంటింగ్‌కి వెళ్ళిందో అడగండి, ఎవరైనా నిలబడమంటే నిలబడుతుందా అని అడగండి. పరిగెత్తే గుర్రాలు బోలెడు. నిలబడే గుర్రమే బంగారం.

బట్టల గురించి రెండు ముక్కలు. ఆడవాళ్ళు ఎక్కువ ఉన్నారు కదా, అడుగుతారు. చలికాలం ముందు ట్వీడ్ కోటు, నవంబరు నుంచి ముదురు రంగు కోటు. మెడకి స్టాక్ అని తెల్లటి గుడ్డ కట్టి పిన్ను అడ్డంగా పెట్టుకుంటారు, నిలువుగా పెడితే పడ్డప్పుడు గుచ్చుకుంటుందట. ఆ గుడ్డ అలంకారం కోసమనుకున్నాను. ఎవరికైనా దెబ్బ తగిలితే విప్పి కట్టు కట్టడానికి, చెయ్యి వేలాడేయడానికి కూడా పనికొస్తుందని చెప్పారు. ఆ మాట విన్నాక నాకు ఇంకాస్త టెన్షన్ పెరిగింది. కోటు లోపల లెవెల్ 3 బాడీ ప్రొటెక్టర్, అంటే పడితే ఒంటికి దెబ్బ తగలకుండా కాపాడే కవచం లాంటిది, వేసుకుంటాను. హెల్మెట్ మీద డబ్బు మిగుల్చుకోవద్దు. ఒకసారి దాంతో నేలకి తగిలితే బయటికి బాగానే కనపడినా పారేసి కొత్తది కొనాలి.

సరే, మొదటి రోజు. నవంబరు ఆదివారం, ఒక రైతు ఇంటి వాకిట్లో పదిన్నరకి మీట్. మంచు పూర్తిగా విడలేదు. తడి చలి ఉన్న రోజు వాసన నేలని అంటుకుని ఉంటుందని అందరూ సంతోషంగా ఉన్నారు. నేను మాత్రం అప్పటికి మూడుసార్లు బాత్రూంకి వెళ్ళొచ్చాను. ఇది ఎవరూ చెప్పరు గానీ నేను చెబుతున్నాను, గుర్రం ఎక్కాక మధ్యాహ్నం దాకా బాత్రూం ఉండదు, టీ తగ్గించండి. (నవ్వులు) వాకిట్లో ట్రేల మీద చిన్న గ్లాసులు తిప్పుతున్నారు. స్లో జిన్ అట. స్లో అంటే ఇక్కడ కంచెల్లో కాసే చిన్న పండు, మన నేరేడు రంగు, అంతకంటే వగరు. ధైర్యానికి తాగమన్నారు. నేను ముట్టలేదు. నా జేబులో పల్లీ చిక్కీ ఉంది.

అప్పుడు ఒక హౌండ్ వచ్చి మర్ఫీ పొట్ట కింద నుంచి దూరి అటు వెళ్ళింది. నా గుండె ఆగింది. మర్ఫీ కదల్లేదు. తల దించి, ఇంకో హౌండ్ నెత్తి వాసన చూశాడు. అది చూసి నేను ఊపిరి వదిలాను. ఎంతసేపటి నుంచి బిగబట్టానో నాకే తెలియదు.

ఆ తర్వాత కొమ్ము ఊదారు. మర్ఫీ నిజస్వరూపం అప్పుడు బయటపడింది. పెళ్ళిలో ఒక మూల కూర్చుని కునికే పెదనాన్న బ్యాండు మోగగానే లేచి డాన్సు చేస్తాడు చూడండి, అలా. మెడ వంచాడు, తోక ఎత్తాడు, పక్కకి పక్కకి అడుగులేస్తున్నాడు. నాకు చెవుల్లో నా గుండె చప్పుడు తప్ప ఇంకేమీ వినపడటం లేదు. పెద్దావిడ నా పక్కకి వచ్చి, "మాట్లాడు, ఏదో ఒకటి మాట్లాడు, మాట్లాడితే ఊపిరి దానంతటదే ఆడుతుంది" అని అరిచింది. ఏం మాట్లాడాలో తోచలేదు. నోటికొచ్చింది పదమూడో ఎక్కం. పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవై ఆరు. లెస్టర్‌షైర్ పొలంలో, ఇరవై మంది తెల్లవాళ్ళ మధ్యలో, తెలుగులో, గట్టిగా. పదమూడు ఏళ్ళు తొంభై ఒకటి దగ్గరికి వచ్చేసరికి మేం అందరికంటే వెనకాల చక్కగా కాంటర్‌లో, అంటే మెల్లని దౌడులో, పోతున్నాం. ఒక చెయ్యి పగ్గాల మీద, ఇంకో చెయ్యి మర్ఫీ మెడకి కట్టిన పాత తోలు పట్టీ మీద. ఆ పట్టీ సంగతి మర్చిపోకండి. పడిపోతానని అనిపించినప్పుడు పట్టుకోవడానికి అది లేకపోతే మనం కళ్ళేన్నే పట్టుకు వేలాడతాం, పాపం దాని నోరు నొప్పి.

ఒక్క కంచె కూడా దూకలేదు. దూకని వాళ్ళకి వేరే నాయకురాలు ఉంటుంది, ఆవిడ వెనకే గేట్ల గుండా వెళ్ళాం. ఒక గేటు దగ్గర నన్ను చివరిదాన్ని చేశారు. చివరివాళ్ళు గేటు మూయాలి. నేను మూస్తుంటే మిగతావాళ్ళు పదడుగుల దూరంలో ఆగి చూస్తున్నారు. నా మీద అనుమానంతో అనుకుని చిన్నబోయాను. తర్వాత తెలిసింది, ఒక గుర్రాన్ని ఒంటరిగా వదిలేసి గుంపు వెళ్ళిపోతే అది బెంబేలెత్తుతుందని, గేటు మూసేవాళ్ళ కోసం ఆగడం ఇక్కడి మర్యాద అని.

మొదటి పరుగు చివర్లో పరిగెత్తిన కుర్రాడు ఒక చెట్టు కింద కూర్చుని ఉన్నాడు. ఇరవై హౌండ్లూ అతని మీద పడ్డాయి. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూస్తే మొహమంతా నాకేస్తున్నాయి, అతనేమో బిస్కెట్లు పంచుతున్నాడు.

నా చేతులు అప్పటికి వణుకుతున్నాయి. భయంతోనా, సంతోషంతోనా చెప్పలేను. ఇంకో పరుగు నా వల్ల కాదని తెలుసు. ఎలా చెప్పాలి, ఏమనుకుంటారు? పెద్దావిడ నేర్పించింది. వేట మొత్తానికి పెద్ద అయిన మాస్టర్ దగ్గరికి వెళ్ళి, గుర్రాన్ని ఆపి, "గుడ్ నైట్, మాస్టర్, థాంక్యూ" అనాలట. టైము పదకొండున్నర. పొద్దున. హంటింగ్‌లో ఎప్పుడు ఇంటికి వెళ్ళినా గుడ్ నైట్ అనే అంటారు, ఎంత పొద్దుటైనా సరే. కారణం అడగరు. మాస్టర్ టోపీకి చెయ్యి తాకించి "గుడ్ నైట్" అన్నాడు. అంతే.

ఆ మాట నాకు చేసిన మేలు ఇంకేదీ చేయలేదు. ఎప్పుడైనా వెళ్ళిపోవచ్చు అని తెలిశాక, రెండోసారి రెండు పరుగులు ఉన్నాను. నాలుగోసారి మూడు. క్లాసులో ఉన్నప్పుడు గంట పూర్తయ్యేదాకా దిగకూడదనే పంతం ఉండేది నాకు, టీచరుకీ. ఆ పంతమే నన్ను బిగదీసేది.

అన్నీ సాఫీగా జరగలేదు. రెండో ఆదివారం మర్ఫీ నన్ను లెక్కచేయకుండా ఫీల్డ్ మాస్టర్ని దాటి ముందుకు పోయాడు. ఇది పెద్ద తప్పు. పెద్దల ముందు కాళ్ళు చాపుకుని కూర్చోవడం లాంటిది. ఆవిడ ఏమీ తిట్టలేదు, "ముందు దారి తెలుసా మీకు?" అని మాత్రం అడిగింది. సిగ్గుతో చచ్చాను. తప్పు నాదే. రెండు చేతులతో అదేపనిగా లాగుతూ ఉన్నాను. అర టన్ను జంతువుతో తాడాట ఆడితే ఎవరు గెలుస్తారు? మనం ఎంత లాగితే అది అంత ఆనుకుంటుంది. లాగి వదలాలి, మళ్ళీ లాగి వదలాలి. వెనక్కి నిటారుగా కూర్చోవాలి, మడమ కిందికి దింపాలి. ముందు ఒక పెద్ద గుర్రం ఉంటే దాని వెనక కాస్త ఎడంగా ఉండాలి. ఎగువకి వెళ్ళే దారి కనపడితే సంతోషించాలి, ఎగువ బ్రేకు మన బ్రేకు కంటే మంచిది. కళ్ళెం కూడా మార్చాం, పెల్హామ్ అనే రకం వేశాం. కానీ ముందు ఇంటి దగ్గర రెండుసార్లు వేసి చూశాం. కొత్త కళ్ళెం మొదటిసారి హంటింగ్ రోజునే పెట్టడం, పరీక్ష రోజున కొత్త కళ్ళద్దాలు పెట్టుకోవడం లాంటిది.

ఇలా తిరగడం మొదలుపెట్టి ఆరేళ్ళవుతోంది. ఇప్పటికి నేను దూకింది పడిపోయిన చెట్టు మొద్దులు, మోకాలెత్తు. కంచెలు దూకలేదు, దూకాలనీ లేదు. భయం పోయిందా అంటే, శనివారం రాత్రి నిద్ర సరిగ్గా పట్టదు ఇప్పటికీ. ఎక్కాలు మాత్రం పంతొమ్మిది దాకా వచ్చేశాయి. ఇక మీ ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: ఖర్చు ఎంతవుతుందమ్మా?

సొంత గుర్రం లేకపోతే అద్దె గుర్రానిదే పెద్ద ఖర్చు. దానికి తోడు క్యాప్ అని ఆ రోజు ఫీజు ఒకటి కట్టాలి. అందుకే నేను నెలకి ఒకసారే వెళ్తాను. కాలినడకన చూడటానికి వెళ్తే పెద్దగా ఏమీ అవదు. బూట్లకి మట్టి, అంతే.

ప్రశ్న: మనవాళ్ళని అక్కడ ఎలా చూస్తారు? నిజం చెప్పండి.

నిజమే చెబుతాను. మా గుంపులో గోధుమరంగు మనిషిని నేనొక్కదాన్నే. మొదటి రోజు చూపులు పడ్డాయి. ఒకాయన నన్ను గుర్రాన్ని పట్టుకోవడానికి వచ్చిన పనిమనిషి అనుకున్నాడు కూడా. అది గుచ్చుకుంది, గుచ్చుకోలేదని అబద్ధం చెప్పను. కానీ మూడోసారికి అందరూ నన్ను అడిగేది మర్ఫీ కాళ్ళు బాగున్నాయా అని. అక్కడ మనిషి తర్వాత, గుర్రం ముందు. కొన్నిసార్లు అది హాయిగా ఉంటుంది.

ప్రశ్న: మళ్ళీ పడలేదా?

రెండుసార్లు పడ్డాను. ఒకసారి బురదలో, ఒకసారి మర్ఫీ గడ్డి తినడానికి ఠక్కున ఆగితే మెడ మీంచి జారి. రెండోది చూసి అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఎవరైనా పడితే ఎవరో ఒకరు ఆగుతారు, ఇంకొకరు గుర్రాన్ని పట్టుకొస్తారు. ఫోన్ గుర్రం జీనుకి తగిలించిన సంచీలో పెట్టకండి. గుర్రం పోతే ఫోనూ పోతుంది. ఒంటి మీద జేబులో పెట్టుకోండి.

ప్రశ్న: ఆ పరిగెత్తేవాళ్ళు ఎవరు? డబ్బులిస్తారా?

అబ్బ, ఈ ప్రశ్న కోసమే చూస్తున్నాను. డబ్బులేమీ ఇవ్వరు. ఊళ్ళో పరుగు అలవాటున్న మామూలు వాళ్ళే వస్తారు. వాళ్ళెప్పుడూ తక్కువే. పోయిన ఏడు హాఫ్ మారథాన్ పరిగెత్తామని వాట్సాప్‌లో ఫోటోలు పెట్టిన వాళ్ళు ఈ హాల్లోనే నలుగురు ఉన్నారు, నాకు కనపడుతున్నారు. తల దించుకోకండి బాబూ. రెండు మూడు మైళ్ళే, బురద ఉంటుంది, వాగులుంటాయి, వెనక ఇరవై హౌండ్లు ఉంటాయి. అది మీ టైమింగ్‌కి మంచిది. మూడో ఆదివారం పదింటికి. చివర్లో మొహం తుడుచుకోవడానికి తువ్వాలు తెచ్చుకోండి, హౌండ్లకి బిస్కెట్లు నేను తెస్తాను, మీకు చిక్కీ. ఆ కాగితం ఇటివ్వండి, మొదటి పేరు మా ఆయనదే రాస్తున్నాను.